పల్చని నెత్తురు

పదకొండవ భాగం

“రాయక్కా. ఇంక దేనికి సూస్తున్నవ్?”

శివకుమార్ అలా అడగడం అది నాలుగోసారి. స్వర్ణ ఒళ్లో అట్ట, అట్ట మీద తెల్లకాగితం ఉన్నాయి. “గౌరవనీయులైన సూర్యాపేట జిల్లా కలెక్టరు గారికి” అని ఒక్క వరుస రాసింది. ఆ తరువాత కలం కదల్లేదు.

తండ్రి మంగయ్య పోయి మూడో రోజు. పొద్దున పిట్టకు పెట్టి వచ్చారు. కాకి ముట్టడానికి గంటన్నర పట్టింది. మనుమరాలి పెండ్లి చూడాలని ఉండె పాపం, అందుకే ముడతలేడని ఒకరన్నారు. గొర్లను తలుసుకుంటున్నడని ఇంకొకరన్నారు. ఎండలో నిలబడి తలో మాటా అంటుంటే స్వర్ణ ఒక్కతే తల వంచుకుని నిలబడింది. కాకి ఎందుకు రావడం లేదో తనకు తెలుసనిపించింది. చదువుకున్న మనిషికి ఇలాంటి నమ్మకాలేమిటని తనను తాను కోప్పడింది కూడా. కాకి వాలి ముద్ద ముట్టాక మాత్రం అందరికంటే ముందు వెనక్కి తిరిగి నడిచింది.

చుట్టాలు తిని వెళ్లిపోయారు. మాడుగులపల్లిలోని ఆ ఇంటి వసారాలో ఇప్పుడు దగ్గరివాళ్లే మిగిలారు. గోడవారగా చాప మీద తల్లి చంద్రమ్మ. ఎదురుగా తమ్ముడు శివకుమార్. అతను మేళ్లచెరువులో సిమెంటు కంపెనీ లారీ నడుపుతాడు. మంచం మీద కాళ్లు ముడుచుకుని రామనర్సయ్య.

రామనర్సయ్య గొర్రెల కాపరుల సంఘానికి పెద్ద. అర్జీలు పెట్టించడంలో చెయ్యి తిరిగినవాడు. వీధిలో కరెంటు స్తంభం కాస్త వంగినా, అది పై అధికారికి తెలిసేదాకా ఆయనకు అన్నం సయించదు. చెప్పడమే తప్ప రాయడం రాదు కాబట్టి, పక్కన ఎవరో ఒకరు రాసేవాళ్లు కావాలి. ఇవాళ ఆ పని స్వర్ణ మీద పడింది.

“రాయి బిడ్డా” అన్నాడాయన గొంతు సవరించుకుని. “సర్కారు గుండె దవాఖానల పనిచేయు డాక్టర్ ప్రవళిక అనునామె, మా తండ్రిగారికి స్టెంటు సరిగ్గ వెయ్యకపోవుట వలన, అది యాబై దినములకే మూసుకపోయి, రెండవసారి బెలూను వేయుచుండగా మా తండ్రిగారు మరణించినారు. సదరు డాక్టరు మీద చర్య తీసుకోవలెను. రాసినవా?”

“రాస్తున్న పెదబాపూ.”

రాయలేదు.

“ఆమెనే ఒప్పుకున్నది గద” అన్నాడు శివకుమార్. “బయటికొచ్చి ఏమన్నది? నా వల్ల కాలేదన్నది. గంతకన్న సాక్ష్యమేం గావాలె? అది గూడ రాయి అక్కా.”

ఆ మాట ఆవిడ ఎలా అన్నదో స్వర్ణ చూసింది. డాక్టరు ప్రవళికకు ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు. మంగళవారం డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతూ అంబులెన్సును చూసి వెనక్కి తిరిగి వచ్చింది. గంటన్నర తరువాత బయటికి వచ్చినప్పుడు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. నా వల్ల కాలేదమ్మా అని స్వర్ణ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న ఆ చేతిని స్వర్ణ విడిపించుకుంది.

“మా కంపెనీల సూపర్‌వైజరుకు స్టెంటు ఏసి ఎనిమిదేండ్లాయె. బండి నడుపుతడు, బరువులు ఎత్తుతడు. మన బాపుకే యాబై దినాలకు మూసుకపోయిందా? హైదరాబాద్ తీస్కపోదమని నేను మొత్తుకున్న. వద్దు, సర్కారు దవాఖానలనే మంచిగ జేస్తరు, నాకు కోదాడకు గూడ దగ్గరుంటదని ఎవరన్నరు?”

“నేనే అన్న తమ్మీ.”

“నీ మాట ఇంట్ల ఎవ్వరం కాదనం. టీచరువు, నీకు తెలుస్తదనుకున్నం. ఏం తెలిసింది?”

“తప్పు నాదే” అంది స్వర్ణ.

చెప్పాలంటే, ఆ మాట అంటున్నప్పుడు ఆమె మనసు కాస్త తేలికపడింది. తమ్ముడు ఇంకా నాలుగు అంటే బాగుండుననిపించింది. చెయ్యని తప్పుకు తిట్లు తింటుంటే, చేసిన తప్పుకు శిక్ష కొంత తీరుతున్నట్టుంది. తన తెలివికి తనకే రోత పుట్టింది.

“నీళ్లు తాగొస్త” అని లేచింది.

పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర ఆమె భర్త కృష్ణ నిలబడి ఉన్నాడు. కోదాడ మనిషి. గట్టిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు.

“రాశావా?”

“లేదు.”

“రాయకు. తల తిరుగుతోందని చెప్పి లోపల పడుకో. శివకుమార్ ఇంకెవరి చేతో రాయించుకుంటాడు.”

స్వర్ణ ఆయన ముఖంలోకి చూసింది. “మీకు తెలుసు కదా” అంది.

“తెలియకపోవడమేంటి. ఆ రోజు నువ్వు పేపర్లు దిద్దుకుంటుంటే ఫోను నీ చెవి దగ్గర పట్టుకుంది నేనే కదా.”

తెలిసీ మూడు రోజులుగా ఆయన ఒక్క మాట అనలేదు. దానికి కృతజ్ఞత చూపాలో కోపగించుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

ఆ ఫోను వచ్చింది పదో తరగతి ప్రీఫైనల్ రోజుల్లో. స్వర్ణ ఇంగ్లీషు టీచరు. ముందు నూట ఇరవై పేపర్లున్నాయి. అవతల చంద్రమ్మ గొంతు.

“బిడ్డా, మీ బాపు చేతుల మీద నల్లగ మచ్చలు లేస్తున్నయి. పండ్లు తోముకుంటె నెత్తురొస్తున్నది. నేను రెప్ప మలిపి సూసిన. తెల్లగున్నది. ఆ నెత్తురు పల్చగ జేసే గోళీలు పడ్తలేవు బిడ్డా. ఆపమంటవా?”

రెప్ప మలిపి చూడటమంటే ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మందలో జీవం డీలా పడిందంటే మంగయ్య మొదట దాని కింది రెప్ప మలిపి చూసేవాడు. ఎర్రగా ఉంటే భయం లేదు. తెల్లగా ఉంటే లోపల జలగ పురుగు పట్టిందని, నెత్తురు పల్చబడ్డదని లెక్క. పల్చబడ్డ గొర్రె దక్కదు. నలభై ఏళ్లుగా చంద్రమ్మ కళ్లతో చూసిన సంగతి అది. అలాంటి ఇంట్లోకి, మొగుడి నెత్తురు పల్చగా చేయడానికే గోళీలిచ్చారన్న మాట తెచ్చిపెట్టింది ఎవరు? స్వర్ణే.

డిశ్చార్జి రోజున డాక్టరు ప్రవళిక గోళీలు చూపించి అంది, “ఇవి బ్లడ్ థిన్నర్స్. సంవత్సరం పాటు ఒక్కరోజు కూడా మానకూడదు. మీ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పండి, మీరు టీచరు కదా.” స్వర్ణ తల్లివైపు తిరిగి, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు మాటకు మాట తెలుగు చేసి చెప్పింది. “ఇవి నెత్తురు పల్చగ జేసే గోళీలమ్మా. రోజు ఎయ్యాలె.” చంద్రమ్మ ముఖం ఆ క్షణాన ఎలా పాలిపోయిందో ఆమె చూసింది. దవాఖాన వాసన పడక అనుకుంది.

స్టెంటు దగ్గర నెత్తురు గడ్డ కట్టకుండా చూసే గోళీలని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాటలు తనకు రానివి కావు. పిల్లలకు పదహారేళ్లుగా చెబుతూనే ఉంది, మాటకు మాట పెడితే అర్థం చెడుతుందని.

చంద్రమ్మ రోజూ వేసింది. ఎంత దిగులుతో వేసిందో ఎవరికీ తెలియదు. పోయిన నెత్తురు మళ్లీ పట్టాలని వారానికి రెండుసార్లు నల్ల వండి పెట్టింది, మొగుడికి గొర్రె నెత్తురు కూర కన్నా బలమేముంటుందని. ఒకపక్క పల్చగా చేస్తూ ఇంకోపక్క చిక్కబరచడమేమిటో ఆమెకూ బోధపడలేదు. చివరికి మచ్చలు చూసి భయపడి, చదువుకున్న కూతుర్ని అడిగింది.

పేపరు మీంచి తల ఎత్తకుండానే కూతురు చెప్పింది.

“సరే, రెండు దినాలు ఆపు. ఆదివారం నేనొచ్చి సూస్త.”

ఆదివారం స్పెషల్ క్లాసు పడింది. పై ఆదివారం బడిలో ఫేర్‌వెల్. మూడో ఆదివారం కోదాడ నుంచి మాడుగులపల్లి అంత దూరం పోవడానికి ఒళ్లు బరువైంది. రెండు రోజులు పందొమ్మిదయ్యాయి. ఇరవయ్యో రోజు పొద్దున దొడ్డి తడక తీస్తూ మంగయ్య ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

“ఆ డాక్టరమ్మను ఏం చేస్తారు?” అని పెరట్లో భర్తను అడిగింది స్వర్ణ.

“ఏం చేస్తారు, ఎంక్వైరీ అంటారు. నాలుగు రోజులు తిప్పుతారు. ఎవరూ గుర్తుపెట్టుకోరు.”

“కేసు షీటులో ఏం రాసుందో తెలుసా?”

కృష్ణకు అది తెలియదు. స్వర్ణ మెల్లగా చెప్పింది.

మంగళవారం మిర్యాలగూడ నుంచి అంబులెన్సు వచ్చేసరికే ఆమె కోదాడ నుంచి వచ్చి సూర్యాపేటలో దవాఖాన గేటు దగ్గర ఉంది. స్ట్రెచరు వెంట పరుగెత్తుతూ డాక్టరు ప్రవళిక అడిగింది, “స్వర్ణ గారూ, గోళీలు ఎక్కడా ఆపలేదు కదా?” పక్కనే శివకుమార్ ఉన్నాడు. స్వర్ణ “లేదు మేడం, రోజూ వేసుకుంటున్నరు” అంది. అంతే. డాక్టరు అదే చెప్పింది, నర్సు అదే రాసుకుంది.

“అంటే మందులు సక్రమంగా వాడినా స్టెంటు మూసుకుపోయిందని కాగితం మీద ఉంది” అంది స్వర్ణ. “అప్పుడు తప్పెవరిది అవుతుంది? వేసినవాళ్లదే కదండీ.”

కృష్ణ డ్రమ్ము మూతను చేత్తో అటూ ఇటూ జరిపాడు.

“అప్పుడు నిజం చెప్పి ఉంటే బాపు బతికేవాడేమో” అంది ఆమె. “ఇంకో మందు ఇచ్చేదేమో. నాకు తెలీదు. తెలియాలంటే ఆవిడనే అడగాలి. ఏ ముఖం పెట్టుకుని అడగను?”

“ఇప్పుడు చెబితే మీ నాన్న తిరిగొస్తాడా? మీ అమ్మ సంగతి ఆలోచించు. తన చేత్తో ఆపిందని తెలిస్తే ఆ మనిషి బతుకుతుందా?”

స్వర్ణకు కావలసిన మాట దొరికింది. అవును, అమ్మ కోసం. మూడు రోజులుగా తాను నోరు కట్టుకున్నది అమ్మ కోసమే. ఆ మాట తడిబట్టలా ఒంటికి చుట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చుంది. లోపల్లోపల ఒకటి మాత్రం గుచ్చుతూనే ఉంది. అమ్మకు తెలియకూడదనుకుంటోందా, తన పేరు బయటికి రాకూడదనుకుంటోందా? ఈ రెండూ ఒకటి కాదని ఆమెకు తెలుసు.

ఆమె వచ్చేసరికి చంద్రమ్మ అన్న బుచ్చయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చెవులు ఎప్పుడో మొరాయించాయి. నిరుడు దసరా ముందు ఆయనకూ అదే దవాఖానలో అదే డాక్టరు స్టెంటు వేసింది. అందుకే రామనర్సయ్య ఆయన్ని పట్టుకున్నాడు.

“బుచ్చయ్యా, నువ్వు గూడ సంతకం పెట్టాలె. నువ్వు గూడ గా డాక్టరమ్మ పేషంటువే గద. నీకు గూడ మంచిగ లేదని రాస్తం.”

“ఆఁ?”

“నీకు గూడ మంచిగ లేదని.”

“నాకు మంచిగనే ఉన్నది బావా” అన్నాడు బుచ్చయ్య అయోమయంగా. “ఆ బిడ్డ మంచిగనే జేసింది. నాకెందుకు సంతకం?”

శివకుమార్ విసుక్కున్నాడు. “సరే, మామ సంతకం లేకున్నా నడుస్తది. అక్కా, యాడిదాక వచ్చినవ్?”

స్వర్ణ కలం పట్టుకుంది. ‘మా తండ్రిగారు’ అని రాసింది. అక్కడ ఆగింది.

అప్పుడు చంద్రమ్మ మాట్లాడింది. మూడు రోజుల్లో ఆమె అంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదలు.

“ఆ గోళీల సంగతి రాయి బిడ్డా.”

స్వర్ణ తల ఎత్తి తల్లిని చూసింది.

“ఏం గోళీలమ్మా?” అన్నాడు శివకుమార్.

“నెత్తురు పల్చగ జేసే గోళీలు. మీ బాపును గవే మింగినయి. చేతులన్ని నల్లగైనయి. నేను అక్కకు ఫోన్ జేసిన. అక్క ఆపమన్నది. ఆపినంక జర మొకం తేటగైంది తమ్మీ. ఆకలైతున్నదన్నడు. మచ్చలు గూడ పోయినయి. పందొమ్మిది దినాలు మంచిగున్నడు. ఇంకింత ముందుగాల ఆపితె దక్కుతుండె నా మనిషి. నేనే ఆలిశెం జేసిన. అక్కను ముందుగాల్నే అడగకపోతి.”

చెంగుతో ముక్కు తుడుచుకుంది. తప్పు తనదేనని ఆమె కూడా అనుకుంటోంది, కాకపోతే తలకిందులుగా. ఆపినందుకు కాదు, ఆలస్యంగా ఆపినందుకు.

ఇప్పుడు తమ్ముడు తనవైపు చూస్తాడని స్వర్ణ అనుకుంది. అందరూ లేస్తారని, గోల అవుతుందని అనుకుంది. ఏమీ కాలేదు. శివకుమార్ పళ్లు కొరికాడు.

“గసుంటి గోళీలిచ్చిండ్రా? మనిషి నెత్తురు నీళ్లు జేసే గోళీలు?”

“మంచి పాయింటు” అన్నాడు రామనర్సయ్య మంచం మీద ముందుకు జరిగి. “గిది ముందుగాల చెప్పాలె గద. రాయి బిడ్డా. రక్తమును పల్చన చేయు గోళీలు ఇచ్చుట వలన, అని రాయి. వారి కూతురు చదువుకున్నది గనుక గమనించి ఆపించినది, అని గూడ పెట్టు.”

“అది వద్దు పెదబాపూ.”

“ఎందుకు వద్దు?” ఈసారి శివకుమార్ నేరుగా ఆమెను చూశాడు. “నువ్వు కనిపెట్టినవ్ గద. నాకెందుకు చెప్పలే?”

“వద్దు తమ్మీ. అది వద్దు.”

“అరే, ఎందుకో చెప్పు.”

స్వర్ణ కాగితం అంచు మడతపెట్టింది. దొడ్డిలోంచి గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. మూడు రోజులుగా వాటిని మేతకు తోలినవాళ్లు లేరు.

అప్పుడు బుచ్చయ్య తన ధోరణిలో తాను అన్నాడు.

“నేను గూడ బంజేసిన.”

ఎవరూ పట్టించుకోలేదు. స్వర్ణ ఒక్కతే తల తిప్పింది.

“ఏం బంజేసినవ్ మామా?”

ఆయనకు వినబడలేదు కానీ చెప్పాలనుకున్నది చెప్పాడు. “చెల్లె పోయిన వారం ఫోన్ల చెప్పింది. బిడ్డ గోళీలు ఆపమన్నది, ఆపినంక మీ బావకు నిమ్మలమైందని. నాకు గూడ చేతుల మీద మచ్చలున్నయి. రెప్ప మలిపి సూస్కున్న, జర తెల్లగనే అగుపడ్డది. స్వర్ణ చెప్పిందంటె ఊకె చెప్పదని ఆ దినం నుంచి నేను గూడ బంజేసిన. ఎనిమిది దినాలాయె. ఇప్పుడు పానం తేలికనే ఉన్నది.”

స్వర్ణ చేతిలోంచి కలం జారింది. దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

బావకు నిమ్మలమైంది. పానం తేలికగా ఉంది. బాపు కూడా ఫోనులో ఆ మాటే అన్నాడు. పది రోజుల కింద, ఎంతో సంతోషంగా.

మామను పక్కకు తీసుకుపోయి చెప్పాలి. ఎవరికీ వినబడకుండా, రెండు ముక్కల్లో. అది చాలు. మామ బతుకుతాడు, ఈ విషయం ఇంతటితో మునిగిపోతుంది. ఒక్క క్షణంలో అంతా ఆలోచించుకుని లేచింది.

“మామా, జర బయటికి రా. నీతోని పనున్నది.”

“ఆఁ?”

“బయటికి రా.”

“ఈడనే చెప్పు బిడ్డా. ఇప్పుడే కూసున్న, మోకాళ్లు లేస్తలేవు.”

ఆమె ఆయన పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టి అంది, “గోళీలు బంజెయ్యకు మామా. ఇంటికి పోంగనె ఏస్కో.”

“ఏందీ? ఏం పోయింది?”

“గోళీలు. ఏస్కో.”

“ఏస్కుంటలేను బిడ్డా, బంజేసిన. నువ్వే చెప్పినవంట గద.” బుచ్చయ్య మెచ్చుకోలుగా ఆమె భుజం తట్టాడు. “మీ అత్త గూడ అన్నది, ఇంట్ల ఒక్కలు సదువుకుంటె అందరం బతుకుతమని.”

కృష్ణ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వద్దన్నట్టు తల ఆడించాడు. శివకుమార్ కింద పడ్డ కలం తీసి పట్టుకుని అక్క వైపే చూస్తున్నాడు.

ఇంకో దారి మిగల్లేదు. నెమ్మదిగా చెబితే ఆ ముసలాయనకు వినబడదు. వినబడేట్టు చెబితే అందరికీ వినబడుతుంది. ఇవాళ తప్పించుకుంటే మళ్లీ ఎప్పుడు చెబుతుంది? ఆదివారమా? తన ఆదివారాల సంగతి తనకు తెలుసు.

“మామా” అంది స్వర్ణ గొంతు పెంచి. “ఆ గోళీలు ఆపొద్దు. అవి నెత్తురును పాడుజెయ్యయి. స్టెంటు కాడ నెత్తురు గడ్డ కట్టకుంట సూస్తయి. ఆపితే గడ్డ కడ్తది. స్టెంటు మూసుకపోతది. మనిషి పోతడు. ఇంటికి పొయ్యి ఇప్పుడే ఏస్కో. పొద్దుగాల నేనే తోల్కపోయి ఆ డాక్టరమ్మకు సూపిస్త.”

బుచ్చయ్యకు ఈసారి అంతా వినబడింది. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. రామనర్సయ్య మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు. శివకుమార్ చేతిలోని కలం వేళ్ల మధ్య తిరగడం ఆగిపోయింది. అతను లెక్క కడుతున్నాడు. పందొమ్మిది రోజులు. లేదు మేడం, రోజూ వేసుకుంటున్నరు. ఆ మాట అన్నప్పుడు అతను పక్కనే ఉన్నాడు.

స్వర్ణ తమ్ముడి వైపు చూడలేదు. చూడవలసిన మనిషి గోడవారగా ఉంది.

చంద్రమ్మ చాప మీద ముందుకు వంగింది. ఆమె ముఖంలో కోపం లేదు. అనుమానం కూడా లేదు. పాఠం అర్థం కాని పిల్ల టీచరును అడిగినట్టు, కూతురు చెప్పేదేదో ఉంటుందన్న నమ్మకంతోనే అడిగింది.

“మరి మీ బాపుకెందుకు ఆపమన్నవ్ బిడ్డా?”